గొలుసుకుట్టు లెక్క

సోమవారం పద్నాలుగు.
ఎలీషా కేక పెట్టినప్పుడల్లా
నా అట్ట మీద ఒక గీత,
నాలుగు నిలువు గీతలకి ఒక అడ్డగీత,
పాలమనిషి తలుపు మీద బొగ్గుతో గీసుకున్నట్టు.

మంగళవారం తొమ్మిది.
మురిసిపోయాను.
వాళ్ళమ్మ సువార్త లేసు మీంచి తలెత్తకుండానే
"తొమ్మిదేనండీ,
కానీ ఒక్కోటీ నిన్నటికన్నా పొడుగు" అంది.
ఆ సాయంత్రమే స్టాప్‌వాచీ కొన్నాను,
నర్సాపురం రేవు దగ్గర, నూట ఎనభైకి.

పిలిస్తే పలకడం మరో లెక్క.
"ఎలీషా" అంటాను. బొటనవేలు మీట నొక్కుతుంది.
వాడి మెడ ఇటు తిరిగేలోగా
నలభై ఒక్క సెకన్లు గోదాట్లో కలుస్తాయి.
అదే, సఖినేటిపల్లి నించి పంటు హారన్ కొడితే
నా వేలు మీట మీదికి చేరకముందే
వాడు కిటికీ దగ్గరుంటాడు.
ఆ సున్నాని ఏ గడిలో వెయ్యాలో
నాకెవరూ నేర్పలేదు.

ఇంకో కాగితం నిండా గళ్ళే. గడికి పది సెకన్లు.
రెప్పపాటు అరిచినా గడంతా అరిచినట్టే.
నియమం చెబితే సువార్త నవ్వింది:
"నాలుగు చినుకులకే
పడవంతా తడిసిందని రాసేసుకుంటారా అండీ?"
రాసుకుంటాం.
ఎందుకో చెప్పబోయి, మాట వెతుక్కుంటూ
మూడు గళ్ళు వదిలేశాను.

బుధవారం ఏజెంటు వచ్చి
ఆరు గుండ్రటి గుడ్డల్లో ఒకటి వెనక్కిచ్చేశాడు.
"ఇక్కడ బిగువు, ఇక్కడ వదులు. కంపెనీ తీసుకోదమ్మా."
దారం డబ్బులు కూడా పట్టుకునే వెళ్ళాడు.

ఆ గుడ్డని వెలుగుకి పట్టి చూశాను.
నడిమి పువ్వు తీరిగ్గా విచ్చుకుంది.
మూడో వరస నించి కుట్లు గుక్కపట్టాయి.
సువార్త వేలితో తడుముతూ చెప్పింది:
"ఇది సోమవారం మధ్యాహ్నం.
ఇది ఆయన పంటు మీద రాత్రి డ్యూటీ.
ఇదిగో, ఈ బెత్తెడు, వీడు నిద్రపోయాడు."

నా కాగితాలు తీసి పక్కన పరిచాను.
సోమవారం రెండూ పది: సరిపోయింది.
ఆదివారానికి నా దగ్గర కాగితమే లేదు, సెలవు.
గుడ్డ మీద ఆదివారం ఉంది,
పిడికిలి బిగించినట్టు, ముద్దగా.

"విప్పేస్తానండీ. దారమన్నా మిగులుద్ది."
కొస అందుకున్నది ఎలీషా.
ఆవిడ విప్పుతోంది, వాడు వేలికి చుట్టుకుంటున్నాడు,
ఒక్కో కుట్టూ ఊడినప్పుడు చిన్నగా టప్ మనే చప్పుడు
వాడికి వినబడుతున్నట్టుంది.

హారన్ మోగింది.
మీట నొక్కాను.
కిటికీ దగ్గర ఎవరూ లేరు.

అంకెలు పరిగెడుతూనే ఉన్నాయి.
సువార్త చేయి
సోమవారం దాటి ఆదివారంలోకి వచ్చింది.