నలభై రెండో నంబరు

బయట నలభై ఆరు డిగ్రీలు.
లోపల, రేకుల కప్పు కింద, సున్నాకు రెండు తక్కువ.
నడుమ రెండు అద్దాల తలుపులు, నేను.
దుబాయిల తొమ్మిదేండ్లు
మంచు మీద జారేటోళ్లకు బూట్లందిచ్చిన.

పాదం జూసి నంబరు చెప్పేటోణ్ని.
రష్యా పిల్లకు ముప్పై ఏడు,
షేకు కొడుక్కు నలభై నాలుగు.
మొదటిపారి వొచ్చినోని కాలు
భయానికి సగం నంబరు చిన్నగైతదని గూడ నాకెర్కే.
నాది నలభై రెండు.
ఆ అర మీది జోళ్లు రోజుకు యాభై సార్లు దించిన, తుడిచిన,
తడి సాక్సుల వాసనల్నే అన్నం దిన్న.
ఒక్కపారి గూడ తొడగలే.
పనోళ్లకు మంచు మీద కాలువెట్టే హుకుం లేదు.

ఒకనాడు టిఫిను డబ్బల ఇంత మంచు ఎత్తుకొచ్చిన.
క్యాంపుకు బస్సుల గంటంబావు.
మూత తీస్తే నీళ్లు.
మెట్‌పల్లి రాజలింగం మంచంల లేచి కూసోని జూసి
"గింత దూరం మోసినవ్ గదనే" అని
సగం తాగి, సగం నాకిచ్చిండు.
మిషను వాసనొచ్చింది.

ఇప్పుడు నేరడిగొండ చౌరస్తా కాడ దిగి
టెంట్ల భోజన్న యాడుంటడని అడుగుండ్రి, జూపెడ్తరు.

వానకాలం మా వాగు గుట్ట మీదికెళ్లి దుంకుతది.
ఐతారమైతే నూరు కార్లు.
లైఫ్ జాకెట్టు గంటకు యాభై.
కుమ్ర మారుబాయి మక్క కంకులు కాలుస్తది,
పొగకు కండ్లు తుడుసుకుంటనే చిల్లర లెక్కవెడ్తది, ఎన్నడు తప్పది.
నాచు మీద జారిపడ్డోళ్లకు పసుపు గూడ ఆమెనే.
పోయినేడు ఒక పిలగాడు
జాకెట్టు వొద్దని గుండంల దిగి, మళ్ల రాలే.
మూడు దినాలు నీళ్ల అంచుకు కూసున్నం.
బండ మీద వాని చెప్పులు, జంటగ, బుద్ధిగ.
నంబరు జూడొద్దనుకున్న.
జూసిన.
నలభై రెండే.

పుష్యమాసంల పేపర్ల మా మండలం పేరు వడ్తది:
నాలుగు డిగ్రీలు.
అది జదివి పట్నమోళ్లు చలిని జూడనీకొస్తరు,
దారిల మంకీ టోపీలు కొనుక్కోని.
టెంటు ఆరు నూర్లు, నెగడు రెండు నూర్లు.
"చలిని గూడ జూస్తరా?" అంటది మారుబాయి.
ఆమె చలినెన్నడు జూడలే,
కప్పుకున్నది అంతే.

శివరాత్రికి చలి శివశివా అనుకుంట పోతది,
దానెంబడే కార్లు.
టెంట్లు మడిచి అటుక మీదికెక్కిస్త.
వాగు సన్నగైతది, బండలు బయటవడ్తయి,
టేకులు మొత్తం ఆకు రాలుస్తయి.
గుట్ట వాలుకు మోకాలు లోతు ఎండాకు,
బెల్లం రంగుది, పొద్దు వడితే మెరుస్తది.
దాని మీద మారుబాయి మనుమలు
యూరియా సంచులేసుకోని కూసోని
పైనుంచి కిందికి, కరకర కరకర,
ఇగ గొంతులే, మనుషులు కనవడరు.

జారేటోళ్లు వొంగే తీరు నేను తొమ్మిదేండ్లు జూసినోణ్ని.
"సోనేరావ్, వొళ్లు ముంగటికి వంచు, ఎనుకకు వాలకు" అన్న.
వాడు వాలకుంట దిగిండు. ఎక్కొచ్చి రొప్పుకుంట
"తాతా, నువ్వు జారవా?" అన్నడు.
"నా నంబరు సంచి ఉన్నదా?"
"సంచికి నంబరేంది?"

నిజమే, సంచికి నంబరేంది.
చెప్పులిడిసిన.
యాభై రెండో ఏట, లుంగీ ఎగ్గట్టి, సంచి మీద కూసున్న.
వానికి జెప్పిందేది నాకు యాదికి రాలే.
ఎనుకకు వాలిన, అడ్డం తిరిగిన,
ఆకులు చెవులల్లకొచ్చినయి,
కడుపు పైన్నే ఉండిపోయింది,
నేనొక్కణ్నే కిందికొచ్చిన.
మొద్దుకు తట్టి ఆగిన. మోచెయ్యి గీరుకపోయింది.
కంకులు లేని పొయ్యి కాడినుంచి మారుబాయి
"టికెట్టు?" అన్నది.

నవ్వొచ్చింది, దగ్గొచ్చింది, నోట్లె ఆకు ముక్క.
ఇంకింతసేపు అట్లనే పండుకుందునేమో గని
పైన బండ మీద
నా చెప్పులు జంటగ ఉన్నయని యాదికొచ్చింది.
ఎవలన్న జూస్తే బుగులు వడ్తరని
వట్టికాళ్లతోటి గబగబ ఎక్కిన.