ఒక్క కుర్చీ జాగా

గ్రీమ్స్‌పేటలో మా ఇంటికి మొదటిసారి వచ్చినోళ్లు
గోడకానించిన రెండు తలుపులనుకుంటారు వాటిని.
తలుపులే. అవతల ఏ గదీ లేదు, అంతే తేడా.

వేలూరు ఆస్పత్రి క్వార్టర్సులో ఏలం వేసినారు.
బోరు మోటార్లకు రాగితీగ చుట్టిన కూలి, మూడు ఎండాకాలాల కూలి,
ఒక్క మధ్యాహ్నంలో ఇచ్చేసి
వరిగడ్డి పరిచిన లగేజీ ఆటోలో పడుకోబెట్టి తెచ్చినాను.
నరహరిపేట చెక్‌పోస్టులో పోలీసాయన తట్టి చూసి
"ఏముండాది లోపల?" అన్నాడు.
ఏమీ లేదు సార్.
నిజమే చెప్పినాను.

లోపల కోన్ లేదు, అయస్కాంతం లేదు.
ఉల్లిపొర కన్నా పలచన ఒక పొర,
చిల్లుల రేకులు రెండింటి సందున
ఒంట్లో ఐదు వేల వోల్టులు పెట్టుకుని
దేన్నీ తాకకుండా నిలబడుండాది.
స్విచ్చి వేసినాక అరగంట ఓపిక పట్టాల,
అందాకా గొంతు బాయిలోంచి వచ్చినట్టుంటుంది.
ఆ తర్వాత అటొక వెంట్రుకవాసి, ఇటొక వెంట్రుకవాసి,
అంతే దాని నడక.
అంతలోనే వీణ తీగ మీద గోరు జారింది వినిపిస్తుంది,
పాడే ముందు ఆమె మింగిన గుటక వినిపిస్తుంది.

మొదటి ఏడాదే ఎడమది మూగబోయింది.
చెంగల్రాయులు, నేను, షాపు షట్టరు దించుకుని
పెన్సిలు ముక్కు నూరి, ఆ పొడిని దూదితో పొర మీద రుద్దినాం,
పసిబిడ్డ ఒంటికి పౌడరు అద్దినట్టు.
నా వేలిముద్ర ఒకటి ఇంకా ఉండాది అక్కడ.
పై స్థాయిలో ఆ చోట కొంచెం గరగర.
చెంగల్రాయులుకు వినపడదు. నాకు వినపడుతుంది.

వానలు వీటికి పడవు.
నవంబరులో అల్పపీడనమంటే రేడియో కన్నా ముందు ఇవే చెప్తాయి,
టిక్కు టిక్కుమని, చీకట్లో నీలంగా ఒక చిటిక మెరుపు.
ఆపేస్తాను. ఆపినా వెంటనే ముట్టుకోకూడదు,
తెల్లారేదాకా లోపల పట్టుకునే ఉంటాయి,
కోపమొచ్చిన ఇంట్లో మనిషి మాదిరి.
ఎండాకాలం ఇంకో తంటా. మామిడి లారీలు లేపే దుమ్మంతా
వీటి మీదికే వస్తుంది, పేరు పెట్టి పిలిచినట్టు.

మా బామ్మర్ది అన్నాడు, "పలక కొట్టినా అదురే రాదే బావా,
మా ట్రాక్టరు బాక్సు మేలు."
అవును. గుండెల మీద గుద్దడం చేతకాదు వీటికి.

ఇంకో లోపం ఉండాది. ఒక్క మనిషికే వినిపిస్తాయి.
సరిగ్గా నడుమ, ఏడడుగుల దూరంలో, ఒక్క కుర్చీ జాగా.
జానెడు పక్కకు జరిగితే పాటగత్తె గోడలోకి పోతుంది.
అందుకే కుర్చీ కాళ్ల దగ్గర సుద్దముక్క గుర్తులు.
ఇరవై ఏండ్లు, ధనభాగ్యం ఆ గుర్తుల చుట్టూ చీపురు తిప్పింది,
ఒక్కటీ చెరపకుండా.

మొన్న పలమనేరులో పని కాక తొందరగా వచ్చేసినాను.
కుర్చీలో దిండు. దిండు మీద ఆమె.
నాకన్నా పొట్టి కదా,
చెవుల్ని ఆ ఎత్తుకు తెచ్చుకునేదానికి దిండు.
గుజ్జు ఫ్యాక్టరీ పసుపు గోళ్లలో ఇంకా పోలేదు.
కండ్లు మూసుకోనుండాది.

ఎన్నాళ్లుగా? అడగలేదు.
కుర్చీ కాళ్ల దగ్గర నావి కాని గుర్తులు నాలుగు,
బొగ్గుతో, సన్నగా, నా గుర్తులకు బెత్తెడు ముందర.

చెప్పులు బయటే విడిచి
గోడవారన నేల మీద కూర్చున్నాను, వీటి చూపు తగలని చోట.
అక్కడికి సగం గొంతే వస్తుంది,
పలచగా, పక్కింట్లో ఎవరో పాడుకుంటున్నట్టు.
వంటింట్లోకి ఇన్నాళ్లూ అందింది ఇంతే.

పాట అయిపోయింది. సూది ఊరికే తిరుగుతా ఉండాది.
కండ్లు తెరవకుండానే అనింది:
"ఎడమదాంట్లో, పైకి పోయినప్పుడు, ఏందో గరగరమంటాదే.
చూసుకోలేదా నువ్వు?"