తర్వాతి వచనం

పదిహేడేళ్ళుగా పెళ్ళిళ్ళు చేస్తున్నాను.
భార్య లోబడాలన్న వచనం దగ్గర
గొంతు పెంచేవాణ్ణి.
తర్వాతది గబగబా చదివేసి
ఉంగరాలేవీ అనేవాణ్ణి.

ఒక ముసురు రాత్రి సువార్తమ్మ వచ్చింది
వశిష్ఠ గట్టు మీంచి, చెప్పుల్లేకుండా.
"ప్రార్థన చేసుకోమ్మా, మారతాడు" అన్నాను.
టార్చిలైటు చేతికిచ్చి పంపాను,
దారి కనబడకే ఏడుస్తోందన్నట్టు.

ప్రభుబల్లకి ఆమె అల్లుతున్న లేసు
సగంలో ఆగిపోయింది.
సూది పట్టే వేలికి
నర్సాపురం ఆసుపత్రిలో కట్టు కట్టారు.
ఆ ఆదివారం ఆమె పెనిమిటి ఏలీషా
చందా సంచి పట్టుకుని వరసలన్నీ తిరిగాడు.
ఆ సంచి మీద చెయ్యి పెట్టి
నేనే దీవించాను.

ఇప్పుడు
పెళ్ళి కుదిరిన ప్రతి కుర్రాడూ
మూడు శనివారాలు మా అరుగు మీద కూర్చోవాలి.
చెయ్యి లేచే ముందు ఒంట్లో ఏమవుతుందో
చెప్పమంటాను.
మొదటి శనివారం నవ్వుతారు.
మూడోవారం ఒకడు
వాళ్ళమ్మ గురించి మొదలెట్టి, ఆపేసి,
కొబ్బరిపీచు పీకుతూ కూర్చున్నాడు
పంటు వెళ్ళిపోయిందాకా.

ఏలీషా దగ్గర సంచి తీసుకున్నాను.
సంఘపెద్దలు ఇద్దరు
నాకు వందనాలు చెప్పడం మానేశారు.
మా ఆవిడ వెనకగదికి కొత్త తాళం వేయించింది,
రాత్రిపూట ఎవరైనా వస్తే ఉంటారని.
చెవి నాకు కూడా ఇవ్వలేదు.
అడగలేదు నేను.

సగం లేసు బల్ల మీద అలాగే ఉంది.
పూర్తి చేస్తామన్నారు ఆడవాళ్ళు, వద్దన్నాను.
తర్వాతి వచనం నెమ్మదిగా చదువుతాను,
మూడో బెంచీలో
వంకరవేలు ఒళ్ళో దాచుకున్న మనిషిని చూస్తూ.

నన్ను క్షమించావా అని
ఇంతవరకూ అడగలేదు.
అడిగితే పాపం,
అయ్యగారని
అవుననాల్సొస్తుంది.