థైమ్ నిండుకుంది

డాన్‌కాస్టర్ మీద మంచు గాజులా పరుచుకున్న మంగళవారం
చెత్తడబ్బా బయటపెట్టడానికి హవాయి చెప్పులతో వెళ్ళి
ఎబున్ కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

ఇవాళ ఆదివారం.
వంటింట్లో కుర్చీ వేయించుకుని
పిండికట్టు చేతిని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని
"ఐమా" అంటుంది.
హైమ అన్న పేరులో 'హ' తనకి మూడేళ్ళుగా దొరకలేదు.
"ఈ పూట నా చెయ్యి నువ్వే."

బియ్యం సగం ఉడికించి వార్చాను.
గంజి గిన్నెలోకి పట్టబోతే
"పారబొయ్, నీళ్ళు తేటపడేదాకా కడుగు" అని కేక.
తెల్లటి గంజి సింకులో సుడి తిరిగి పోతుంటే
ఈ ఇంట్లో గంజి పెట్టాల్సిన చీర
ఒక్కటీ లేదని
మొదటిసారి తట్టింది నాకు.

కోడి ఉడికిన నీళ్ళలో రెండు మ్యాగీ బిళ్ళలు,
ఒక చెంచా కర్రీ పొడి.
మూత తీసి వాసన చూశాను. ఇది ఏ కూర?
"మీదే కదా," అంది ఎబున్.
"మాది కాదు. మీ ఊరి డబ్బా."
"డబ్బా మాది. కర్రీ మీది."
పసుపు నన్ను గుర్తుపట్టింది.
మెంతి మొహం చాటేసింది.
మిగతాదంతా ఎవడో తెల్లదొర
ఏ ఓడలోనో కూర్చుని కలిపి ఉంటాడు.
తప్పిపోయిన పిల్లాణ్ణి చూసినట్టు
ఇద్దరం కాసేపు ఆ డబ్బాని చూశాం.

క్యారెట్ బఠాణీ గింజంత ఉండాలి.
నా ముక్కలు చూసి, "ఇది సాంబార్ కాదు."
ఆ మాట నేను నేర్పిందే.

కార్జం మాత్రం కోడిది.
వాళ్ళకి ఆవుది పడాలి, అది లేనిదే
పెళ్ళిళ్ళలో జనం వంటవాణ్ణి తిడతారట.
నేనేమీ అడగలేదు.
మొదటి ఏడాది ఒకసారి నేను పళ్ళెం పక్కకి జరపడం చూసింది,
అంతే, ఆ తర్వాత ఈ పొయ్యి మీదకి
ఆవు కార్జం రాలేదు.

"ఇప్పుడు థైమ్."
సీసా అడుగున రెండు పుల్లలు.

మా వంటిళ్ళలో సరుకు అయిపోయింది అనరు,
నిండుకుంది అంటారు.
ఉప్పు నిండుకుంది, నూనె నిండుకుంది,
ఖాళీ డబ్బా కూడా ఆ మాట విని కాస్త నిలదొక్కుకుంటుంది.
దీన్ని ఎబున్‌కి ఇంగ్లీషులో ఎలా చెప్పను?
చెప్పే అవసరం రాలేదు. ఫోను మోగింది.
కేర్ హోమ్ మేనేజరు.
ఎన్ని వారాలు, ఏ కాగితం,
జీతం కాదట, సిక్ పే అట.
"యెస్ మేడమ్" అంటూ గోడవైపు తిరిగింది.
అంత చిన్న గొంతు తనకి ఉందని నాకు తెలీదు.

నా సొరుగులో హార్లిక్స్ సీసా, అందులో వాము.
అరచేతిలో పోసి నలిపాను.
థైమే!
కడుపునొప్పి రాత్రుల్లో ఉప్పుకల్లుతో నమిలించిన ఘాటు
ఇన్నాళ్ళూ పక్క సీసాలో
వేరే పేరుతో కాపురం ఉంది.
కూరముక్కల మీద చల్లి
గబగబా కలిపేశాను.

"కొంచెం కొంచెంగా వేయించు, చిన్న చట్టిలో,
అన్నాన్ని జనరల్ బోగీ చెయ్యకు"
అని ఆమె అనలేదు, నేనే అనుకున్నాను.
ఆమె ఫోను పెట్టేసి ఏమీ అనకుండా కూర్చుంది.
చట్టి వెనక చట్టి,
అన్నం పండబోయి ఆగిన నిమ్మకాయ రంగుకొచ్చింది.

ఎడమచేత్తో తినడం
వాళ్ళ ఇబాదాన్‌లోనూ తప్పే, మా తణుకులోనూ తప్పే.
చెంచా ఎడమచేతికి తీసుకుని
పైకప్పు వైపు చూసి ఎవరికో క్షమాపణ చెప్పుకుంది.
ముందు కార్జం ఏరుకుంది.
నమిలింది. ఆగింది.
నేను చట్టి అడుగు గీకుతున్నాను, అవసరం లేకపోయినా.

"థైమ్ పాతది," అంది.
"అవును, చాలా పాతది."

పళ్ళెం మళ్ళీ ముందుకి జరిపింది.

రాత్రి షిఫ్టుకి ఐస్‌క్రీమ్ డబ్బాలో సర్దుకుని
బస్సెక్కాను. సబ్బుతో రెండుసార్లు కడిగాను,
ఈ అరచెయ్యి ఇంకా
అబద్ధం ఒప్పేసుకుంటూనే ఉంది.