సరుకు పుట్టిన చోటు

రేణిగుంట రోడ్డులో మా గోడౌను.
రేకుల కింద ముప్పైమంది ఆడోళ్ళం,
ఒళ్ళో ఎవరెవరివో తలనీలాలు.
మొదలూ కొనా చూసి, చిక్కు తీసి
పొడుగును బట్టి కట్టలు కడతాం.
పద్నాలుగంగుళాలు ఒక పక్క, ఇరవైనాలుగు ఒక పక్క.
మొక్కులు ఏ పక్కకీ పోవు,
నేల మీద రాలతాయి,
సందేళ చీపురుతో ఊడుస్తాం.

తూకం రోజున వచ్చిందామె. లామ్ మీ హ్వా.
అరవై దాటిన మనిషి, చేతిసంచిలో సొంత దువ్వెన.
సైగాన్ నుంచి అన్నాడు మేనేజరు దొరస్వామి.
"సైగాన్ కాదు, చోలోన్" అనింది,
తిరుపతి కాదు, కొర్లగుంట అన్నట్టు.

"చైనా మనిషివా?" అని అడిగేసినాను.
ఫోను తర్జుమా చేసేలోపే నవ్వింది.
ఆ ప్రశ్న ఏ భాషలో అడిగినా ఆమెకు తెలుస్తుందంట.

మూడొందల ఏళ్ళ పైమాట.
మింగ్ రాజులు పోయినారు. కొత్తగా వచ్చిన దొరలు
ప్రతి మగోడూ ముందుతల గొరిగించుకోవాలన్నారు.
జుట్టు ఉంచుకుంటే తల పోతుంది,
తల ఉంచుకుంటే జుట్టు పోతుంది.
రెండూ కావాలన్నోళ్ళు ఓడలెక్కినారు.
దక్షిణాన వియత్నాం దొరలు
అడివీ బురదా చూపించి, దున్నుకోండి అన్నారు.

పక్కనున్న పొన్నెమ్మకు ఇది ఎంతకీ దిగలేదు.
పోయిన నెలే కొండెక్కి గుండు చేయించుకునింది,
తలంతా ముళ్ళు ముళ్ళుగా మొలస్తా వుంది.
"ఈమాత్రానికి ఊరొదిలి పోవాల్నా?" అనింది.
ఆమె పొన్నెమ్మ తల మీద చెయ్యి పెట్టి
చాలాసేపు తియ్యలేదు.
"నువ్వు ఇచ్చినావు" అనింది ఫోను, ఆడగొంతుతో,
"వాళ్ళను అడిగినారు."

ఓడల్లో వచ్చింది మగోళ్ళే ఎక్కువ.
అక్కడి ఆడోళ్ళను చేసుకున్నారు.
పిల్లలకు అమ్మ మాట వచ్చింది, నాయన సమాధులు మిగిలినాయి.
ఆ పిల్లలకొక పేరు: మిన్ హుఅంగ్.
మొదట దానికి మింగ్ వాళ్ళ ధూపం అని అర్థం,
పోయిన రాజులకు వెలిగించే అగరొత్తి.
తర్వాత ఏదో రాజు ఒక్క అక్షరం మార్పించినాడు.
పలకడం అదే.
ధూపం పోయి, రాతలో ఊరు వచ్చింది.

ఇక్కడ దొరస్వామి టీ తెప్పించినాడు.

ఆ తర్వాత ఇంకా ఓడలు, ఇంకా జనం.
కాలవ గట్టున బియ్యం మిల్లులు, మందుల అంగళ్ళు,
సముద్రపు తల్లికి చుట్టలు చుట్టిన ధూపాలు.
డెబ్బై ఎనిమిదిలో ఒక పొద్దున
ఎర్రపట్టీలు కట్టుకున్న పిల్లోళ్ళు వచ్చి
అంగట్లో గుండుసూదులు కూడా లెక్కపెట్టినారు.
పిన్నమ్మ చేపల పడవెక్కింది, సముద్రం జాబు రాయలేదు.
అన్న ఉత్తరానికి పోయి గీటు దాటినాడు.
చైనాలో టీతోట పని ఇచ్చినారు,
వియత్నామోడు అని పిలిచినారు,
చచ్చేదాకా అట్లనే పిలిచినారు.

నాకు చేతిలో దువ్వెన ఆగిపోయింది.
మా అవ్వకు అవ్వ, ధాత కరువులో
ఆర్కాటు పక్కనుంచి నడిచొచ్చి చిత్తూరులో కూలబడింది.
గిరింపేటలో ఈనాటికీ మాది అరవోళ్ళ ఇల్లు.
వేలూరుకు పెళ్ళికి పోతే
తెలుగోళ్ళు వచ్చినారు, ఆకులెయ్యండి అంటారు.
ఫోనుకు ఇదంతా చెప్పినాను.
అది ఏం తర్జుమా చేసిందో ఏమో,
ఆమె సంచి లోంచి నువ్వుల బిళ్ళ తీసి ఇచ్చింది.

పోయే ముందు ఒక కట్ట ముక్కు దగ్గర పెట్టుకునింది.
ఇరవైనాలుగంగుళాలు, ఇంకా కొబ్బరినూనె వాసన,
లోపలెక్కడో కర్పూరం.
"ఇది ఏ ఊరిది?"
నాకేం తెలుసు తల్లీ.
బీదరుదో, సేలందో, సిరిసిల్లదో,
ఏ బిడ్డ జొరానికి మొక్కుకున్న తల్లిదో.

బిల్లులో ఒక గడి వుంటుంది,
సరుకు పుట్టిన చోటు అని.
పదకొండేళ్ళుగా రాస్తా వుండేదే రాసినాను:
తిరుపతి.
ఆమె కిందికి వంగి చూసింది,
కొట్టెయ్యమని అనలేదు.