పాతిక వంతు

పర్లాకిమిడి కోర్టులో నా చేతికి వెల కట్టారు.
ఎనిమిది లక్షలన్నారు ముందు.
కుడిచేతి వేళ్ళు మూడు,
గేదెకొమ్ముని కొంగగా మార్చే వేళ్ళు.
వయసు నలభై ఒకటి, నెల రాబడి ఇంత,
ఇంకెన్నేళ్ళు పని చేసేవాడో దానికో గుణకం.
లెక్క బాగానే కుదిరింది.
అప్పుడు జడ్జిగారు కళ్ళజోడు తుడుచుకుని
ఇంకో మాట అన్నారు.

మా వకీలు గంతాయత్ గారు నా చెవి దగ్గరికి వంగి
దాన్ని తెలుగు చేశారు:
"నీ స్కూటరుకి ముందు దీపం లేదు కదా,
తప్పులో పాతిక వంతు నీది,
ముప్పావు జీపువాడిది.
ఎనిమిదిలో రెండు పోతే ఆరు. సంతోషించు."

సంతోషించాను.

బల్బు నూట అరవై రూపాయలు.
పాతపట్నంలో కొందామనే బయల్దేరాను.
కొట్లో కొత్త ఆకురాయి కనిపించింది,
సన్నపళ్ళది, చేత్తో తడిమితే పిల్లినాలుకలా ఉంది.
రెంటికీ డబ్బు చాల్లేదు.
దీపం రేపు కొనొచ్చు అనుకున్నాను.

నేను ఆస్పత్రిలో ఉండగా పోలీసులు టేపు పట్టారట.
చక్రం జారిన గీత ఆంధ్రాలో మొదలై ఒడిశాలో ఆగింది.
రెండు స్టేషన్లవాళ్ళూ చాలాసేపు
మీదంటే మీదని మర్యాదగా వాదించుకున్నారట.
నెత్తురు ఎటువైపు మట్టిలో ఇంకిందో
ఏ కాగితంలోనూ లేదు.

ఒక సంగతి మాత్రం నేను కోర్టుకి చెప్పలేదు.
అడగలేదు కూడా ఎవరూ.
మసక వెలుతురు. మహేంద్రతనయ ఒడ్డున మడిలో
ఒక కొంగ వెనక్కి మెడ తిప్పింది.
ఇరవై ఏళ్ళుగా నా కొమ్ముకి రాని వంపు.
చూశాను.
ఒక్క రెప్పపాటు. కాదు, రెండు.
దీపం ఉన్నా చూసేవాణ్ణే.
ఆ కొంగకెంత వంతు వేస్తారు?
నా పాతికలో కలుపుతారా, పైన వేస్తారా?
ఇంటిదానికీ చెప్పలేదిది.

మెట్లు దిగుతుంటే గోడవారన
జీపు డ్రైవరు దినబంధు గమాంగ.
డబ్బు కట్టేది అతను కాదు, బీమా కంపెనీ.
అయినా బాకీ పడ్డవాడిలా నిలబడ్డాడు.
"టీ తాగుతావా?"
వన్ బై టూ చెప్పాడు.
తీరా చూస్తే నా గ్లాసులో ఎక్కువుంది,
కళాయివాడి చెయ్యి జారిందో,
అతనే కళ్ళతో చెప్పాడో.

సగం తెలుగు, సగం ఒడియా, సగం సవర,
అతని మాటకి మూడు సగాలు.
"లైటు వెయ్యకుండా మలుపు తిరిగానన్నారు.
వేశాను. కానీ..."
అక్కడ ఆగాడు.
నేను కూడా
"ఆ మడిలో..." అని ఆగాను.
ఒక లారీ మా మధ్యనుంచి వెళ్ళినట్టు
రోడ్డంతా హారను.
ఆ 'కానీ' వెనకేముందో నేనడగలేదు.
మడిలో ఏముందో అతనూ అడగలేదు.
గ్లాసులు ఒకే తొట్టిలో వేశాం.

ఇప్పుడు ఎడమచేత్తో చెక్కడం నేర్చుకుంటున్నాను.
కొమ్ముని రెండు మోకాళ్ళ మధ్య బిగించి,
ఆ ఆకురాయితోనే.
కాళ్ళొచ్చాయి, రెక్కలొచ్చాయి, ముక్కు కూడా
కొంచెం మొద్దుగా వచ్చింది.
మెడ దగ్గరికొచ్చేసరికి
రోజూ చీకటిపడుతుంది.