ఎలాస్టిక్ లేదు

ప్రకాశం బజార్ల మా మ్యాచింగ్ సెంటర్
ఆ ఎండకాలం షట్టరు నడుము దాకనే లేస్తుండె.
"మాస్కు లేనిది లోపలికి రావద్దు" అని
సేటు అట్టముక్క మీద రాయించిండు.
రాసింది నేనే. జాగ సాలక
మాస్కు కింది వత్తు పక్కకు ఒరిగింది.

ఎడ్లకు చిక్కం గట్టినట్టున్నదే పిల్లా,
అనుకుంటనే వచ్చిన్రు అందరు.
కొంగు అడ్డం పెట్టుకొని ఒకామె,
దస్తీ కట్టుకొని ఒకాయన,
ముక్కు బయటేసి మూతి కప్పుకున్న లెక్కల సారు.
సానిటైజరు సీసకు సేటు తాడు గట్టిండు,
బ్యాంకుల పెన్నుకు గట్టినట్టు.

నాకైతే ఆ గుడ్డముక్క
ఎవరికీ చెప్పని పండుగ.

మాది మర్రిగూడెం దిక్కు.
కృష్ణ నీళ్లు మా నల్లాల దాక వచ్చేటాల్లకు
నా పండ్లు ముందే వచ్చినయి,
బోరు నీళ్ల రంగు పట్టుకొని,
చాయి గిలాస అడుగున మిగిలిన మడ్డి లెక్క.
నడుములు వంగినోళ్ల ముంగట
నీదేం కష్టమే, అంటది అమ్మ.
నిజమే.
ఉల్లిపొర, ఇటుక, నెమలికంఠం,
చిలకపచ్చల పదకొండు తీర్లు
కండ్లు మూసుకొని తీసిస్త నేను.
నా నోట్లె రంగు చూసినోళ్లు మాత్రం
లైనింగు థాన్ల దిక్కు మొఖం తిప్పేటోళ్లు.

ఎనిమిదేండ్ల సంది చెయ్యి అడ్డం పెట్టే నవ్విన.
ఆ నెలల్ల రెండు చేతులూ ఖాళీ.
ఫాల్ కత్తిరిస్త నవ్విన,
చిల్లర లెక్కబెడ్త నవ్విన.
"నీ కండ్లు మంచిగున్నయక్కా" అన్నది ఒక పెండ్లిపిల్ల.
బస్సుల్లేని ఆ రాత్రి
గది దాక నడిచిన, మాస్కు తియ్యకుంటనే.

అగో, అప్పుడొచ్చిండు సైదులు మామ.
పుట్టుచెవుడు. రామగిరి సందుల మిషిను.
ఊరికి సగం మాస్కులు
ఆయన కాళ్ల కిందనే పుట్టినయి.
రెండు వేళ్లు చెవి ఎనుక పెట్టి చూపిండు:
ఎలాస్టిక్.
చెయ్యూపిన. లేదని తెలిసింది.
ఎప్పుడొస్తదో తెల్వాలె.
చెప్పిన. గట్టిగ చెప్పిన,
గట్టిగ చెప్తే ఏమొస్తది ఆయనకు.
సేటు ఒర్రిండు, సేటు మూతికి మాస్కే.
పక్కన గిరాకీ ఏదో అన్నది, ఆమె మూతికీ మాస్కే.
అన్నీ మామ కుట్టినయే.
మామకు ఊరంత బందయిపోయింది.

గడ్డం కాడ వేలు పెట్టి
కిందికి గుంజినట్టు చేసిండు.
తియ్యి, అని.

సుద్దతోని గీసిన గుండ్రంల ఆయన,
థాన్లకు ఆనుకొని నేను.
ఆరడుగుల కన్న ఎక్కువనే.
అంత దూరానికి గూడ
పండ్లు కనవడ్తయి.

తీసిన.
"సో. మా. రం."
ఒక్కో అక్షరానికి నోరంత తెరిచిన.
"మీటరు పన్నెండు."
మామ కండ్లు నా మూతి మీదికెల్లి కదల్లే.
అంతసేపు అక్కడ ఎవరూ చూడలే,
పండ్ల డాక్టరు గూడ.
తల ఊపిండు.
ఆయన మాస్కు లోపల గుడ్డ మూడుసార్లు కదిలింది.

"బుద్ధున్నదా నీకు, పోలీసోళ్లు చూస్తే
వెయ్యి రూపాలు" అన్నడు సేటు.
వేసుకున్న.

సోమారం ఎలాస్టిక్ వచ్చింది. మామ రాలే.
రామగిరి సందుకు కట్టెలు అడ్డం గట్టిన్రన్నరు.
ఇరవై మీటర్లు కొలిచి, చుట్ట చుట్టి,
పేరు రాసి గల్లా కింద పెట్టిన.
సేటు రెండుసార్లు అమ్మబోయిండు,
రెండుసార్లు దాచిన.

పంతొమ్మిదో దినం వచ్చిండు, సగమై.
అదే గుండ్రంల నిలబడ్డడు.
సేటు లోపల భోజనం చేస్తుండు.
ఈసారి మామ అడగలే,
నేనే కిందికి గుంజిన.

అట్టముక్క ఇప్పటికీ ఉన్నది,
ఎనుక దిక్కు సేటు బాకీలు రాసుకుంటుండు.
నా చెయ్యి ఇంకా లేస్తది మూతి మీదికి,
ఒక్కోపారి సగం దాక.
పన్నెండా, అని మామ వేళ్లు చూపిస్తే
పదమూడు, అంట నేను,
నోరంత తెరిచి.